పొగకి పరీక్ష, టైరుకి సెలవు

మన కారు ఎంత పొగ వదులుతోందో చూపించుకోవడానికి ఏడాదికోసారి వెళ్ళాలి. మరి టైరు ఎంత అరిగిందో ఎప్పుడు చూపించుకోవాలి? పదిహేనేళ్ళకి!

జోకు కాదండీ. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది. రెన్యువల్‌కి వెళ్ళేదాకా ఫిట్‌నెస్ అన్న మాటే లేదు. అదే మనల్ని ఆఫీసుకి తీసుకెళ్ళే క్యాబుకైతే మొదటి ఎనిమిదేళ్ళు రెండేళ్ళకోసారి, తరవాత ఏటా ఫిట్‌నెస్ తప్పనిసరి. అంటే పసుపు ప్లేటు టైరు అరుగుతుంది, తెల్ల ప్లేటు టైరు అరగదు!

రూలు లేదా అంటే భేషుగ్గా ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాల్లో 94వది. కారు టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకి, టూవీలర్‌కి 0.8కి తగ్గకూడదు. కొలిచేవాడే లేడు. రిక్వైర్‌మెంట్ రాసుకుని టెస్ట్ కేసు రాయకపోవడమంటే ఇదే. మన ప్రాజెక్టులో ఎవడైనా ఒకసారి రిలీజ్ చేసి పదిహేనేళ్ళు టెస్టింగ్ వద్దంటే ఊరుకుంటామా?

బ్రిటన్‌లో చూడండి. చాలా ప్రాంతాల్లో కారుకి మూడేళ్ళు నిండగానే ఎంఓటీ పరీక్ష, ఆపైన ఏటేటా. అక్కడా లెక్క అదే 1.6. కాకపోతే టైరు వెడల్పులో మధ్య ముప్పావు భాగం, చుట్టూతా కొలుస్తారు. పక్కన బుడిపె లేచినా, లోపలి దారం బయటపడినా, రిమ్ము పగిలినా, చక్రం నట్టు ఒక్కటి లేకపోయినా ఫెయిలే.

"టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి ఎత్తేశారుగా" అని డాలస్ మిత్రులు అనొచ్చు. నిజమే, మామూలు కార్లకి ఎత్తేశారు. ఏళ్ళ తరబడి చేసి చూసి ఎత్తెయ్యడం వేరు, అసలు మొదలే పెట్టకపోవడం వేరు.

"ఆర్టీఏకి ఇంకో పని అప్పజెప్తే బ్రోకర్లకి పండగే" అన్నది రెండో వాదన. ఒప్పుకుంటాను. అయితే ఆర్టీఏ దాకా ఎందుకు? పొగ చూసే వ్యాను పెట్రోల్ బంకు పక్కనే ఉంది. వాడి చేతికి ఓ గేజు ఇచ్చి, నాలుగు టైర్ల ఫోటోలు అదే రికార్డుకి ఎక్కించమనండి. ఇది మనవాళ్ళకి ఒక స్ప్రింటు పని.

అసలు మనమేమన్నా తక్కువ తిన్నామా? మెరిసే అలాయ్ వీల్స్‌కి వేలు పోస్తాం, వాటి మీద గుండు టైరు తిప్పుతాం. గాడులున్నది అందానికి కాదు, వాన నీళ్ళు పక్కకి తోసెయ్యడానికి. అవి అరిగిపోయాక తడిసిన ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద దాటిస్తే టైరు నీటిమీద తేలుతుంది. అప్పుడు బ్రేకు తొక్కినా ఒకటే, దణ్ణం పెట్టినా ఒకటే.

ప్రభుత్వం ఎప్పుడు కళ్ళు తెరుస్తుందో గానీ, మీరు ఇవాళే చూడండి. గాడుల అడుగున అక్కడక్కడా అడ్డంగా చిన్న రబ్బరు దిమ్మలుంటాయి. టైరు అరిగి వాటితో సమానమైందా, దాని పని అయిపోయినట్టే. చూడ్డానికి రెండు నిమిషాలు. టీ బ్రేక్ కన్నా తక్కువే.