కంపెనీకి విమానం.. కిరాణానికి కిరాయినామా!

2021 జూలై ముచ్చట. కేరళలో అధికారులు తనిఖీల పేరుతోటి సతాయిస్తున్నరని అలిగిన కిటెక్స్ కంపెనీ పెద్దల కోసం మన రాష్ట్ర సర్కారు ప్రత్యేక విమానం పంపింది. వాళ్లు వచ్చిన్రు. గీసుగొండ, సంగెం మండలాల్లోని కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కును చూసిన్రు. వెయ్యి కోట్లు పెడతమన్నరు. రెండు నెలలు తిరిగేసరికి రంగారెడ్డి జిల్లా సీతారాంపూర్‌ను కూడా కలుపుకొని ఆ లెక్క 2,400 కోట్లకు పెరిగింది.

వస్తే సంతోషమే. వద్దన్నది ఎవరు? 1934లో పెట్టిన ఆజంజాహి మిల్లు 2002లో మూతపడ్డంక వరంగల్ కండ్లు కాయలు కాసినయి. మన పద్మశాలి బిడ్డలు సూరత్‌కు, భివండికి మూటాముల్లె కట్టుకొని పోయిన్రు. మగ్గం ఇక్కడిది, మనిషి ఇక్కడోడు, కూలి మాత్రం అక్కడ. వాళ్లు తిరిగొస్తరంటే ఒక్క విమానం కాదు, పది పంపినా తక్కువే.

కానీ ఒక్కటే అడుగుతున్నం. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ కోట్లున్నోడికే ఉంటదా? హన్మకొండ చౌరస్తాలో చెప్పుల దుకాణం పెట్టుకున్నోడికి ఉండదా? వాని దగ్గరికి విమానం వద్దు, కనీసం ఒక సైకిలన్న పోయిందా?

కాకతీయ యూనివర్సిటీ దగ్గర మెస్సు నడుపుతున్న ఒక మిత్రుని సంగతి చెప్త. పేరు రాయొద్దన్నడు, రాయను. పీజీ చేసిండు. ఉద్యమంలో మాతోటి లాఠీ దెబ్బలు తిన్నడు. రాష్ట్రం వచ్చింది గని నోటిఫికేషన్ కోసం చూసి చూసి వయసు దాటిపోయింది. ఆఖరికి వేదికలెక్కే పెద్దలు చెప్పే పాఠమే నమ్మిండు. ఉద్యోగం అడుక్కునుడు కాదు, నలుగురికి ఉద్యోగం ఇచ్చేటోళ్లు కావాలె అంటరు గదా, ఆ పాఠం. భార్య మెడల పుస్తెలతాడు కుదువ పెట్టి మూడు గదులు కిరాయికి తీసుకొని ఇద్దరు వంటోళ్లను పెట్టుకున్నడు.

ఇగ అక్కడి నుంచి మొదలు. కార్పొరేషన్ నుంచి ట్రేడ్ లైసెన్సు తీసుకోవాలె. పనోళ్లను పెట్టుకున్నడు గనుక 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కింద 30 రోజుల్లోపు కార్మిక శాఖలో నమోదు కావాలె. తిండి అమ్ముతున్నడు గనుక 2006 ఆహార భద్రత చట్టం కింద ఇంకో నమోదు. వంటకు ఇంటి సిలిండర్ వాడితే నేరం, కమర్షియల్ సిలిండర్ తెచ్చుకోవాలె. ఇంటి మీటరు మీద మెస్సు నడిపితే నేరం, కేటగిరీ మార్పించుకోవాలె. బ్యాంకుకు పోతే ఉద్యం సర్టిఫికెట్ ఏదని అడిగిన్రు. గల్లా పెరిగితే జీఎస్టీ. ఒక్కొక్కటి విడిగా చూస్తే అన్నీ న్యాయమైనవే అనిపిస్తయి. ఫీజులు కూడా మరీ ఎక్కువేం కావు. ఆహార భద్రత నిబంధనలు 2011 ఆగస్టు 5న అమలుకు వచ్చినప్పుడు, ఏడాదికి 12 లక్షల లోపు వ్యాపారానికి పెట్టిన నమోదు రుసుము వంద రూపాయలే. ఉద్యం నమోదుకైతే పైసా లేదు.

మరి ఎక్కడ ఆగింది? కిరాయినామా కాడ ఆగింది.

దరఖాస్తుకు దుకాణం జాగ కాగితం కావాలె. ఇల్లు తనది కాదు గనుక ఓనరు సంతకం పెట్టిన కిరాయినామా, ఆ ఇంటి పన్ను రశీదు అడిగిన్రు. ఓనరేమో చెయ్యి వణుకుతున్నదన్నడు. ఎందుకు వణకదు? ఆ సంతకం పెట్టిన్నాడు ఆయన ఇల్లు కాగితం మీద దుకాణమైతది. ఇంటి పన్ను వాణిజ్య పన్నుగ మారుతది, కరెంటు బిల్లు మారుతది. కిరాయి నోటిమాట మీద తీసుకుంటే ఆయనకు ఏ బాధా లేదు. "బిడ్డా, నీకు కావాలంటే నడుపుకో, కాగితం మాత్రం అడగకు" అన్నడట. ఆన్‌లైన్‌ల దరఖాస్తు పెట్టమనే సర్కారుకు ఈ సంగతి తెలుసా? కంప్యూటర్‌ల గడి ఖాళీగ ఉంటే ముందుకు పోదు. వీని బతుకు ఆ ఖాళీ గడిలనే ఇరుక్కున్నది. లైసెన్సు ఉండదు, మెస్సు ఆగదు. ఇగ ఎవడు వచ్చి గద్దించినా నిలబడి జవాబు చెప్పే ధైర్యం ఉండదు. మామూళ్లు పుట్టేది ఇక్కడనే.

ఇప్పుడు అటువైపు చూడండి. తెలంగాణ వచ్చిన మొదటి ఏడాదే, 2014లో, పరిశ్రమల కోసం టీఎస్-ఐపాస్ చట్టం తెచ్చిన్రు. 2015 జూన్ 12న మొదలుపెట్టిన్రు. పేరులోనే ఉన్నది, స్వీయ ధ్రువీకరణ అని. అంటే నిబంధనలు పాటిస్తనని పెట్టుబడిదారు సంతకం పెడితే సర్కారు నమ్ముతది. 200 కోట్లు దాటిన ప్రాజెక్టుకు 15 రోజులు, మిగిలినవాటికి 30 రోజులు గడువు. గడువు దాటితే అనుమతి వచ్చినట్టే. ఆలస్యం చేసిన అధికారికి రోజుకు వెయ్యి రూపాయల జరిమానా. ఆ తర్వాత ఇండ్లకు కూడా గిట్లాంటిదే 2020లో టీఎస్-బీపాస్ వచ్చింది. 75 గజాల లోపు జాగలో చిన్న ఇల్లు కట్టుకుంటే అనుమతే అక్కరలేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల దాకా సొంత ధ్రువీకరణ మీదనే అనుమతి. రెండూ మంచి చట్టాలే. చిన్న కార్ఖానా పెట్టేటోడు కూడా ఐపాస్ దారిలో పోవచ్చు, అది ఒప్పుకుంటం.

అయితే, 200 కోట్లోని సంతకాన్ని నమ్మిన సర్కారు, ఇల్లు కట్టుకునేటోని సంతకాన్ని నమ్మిన సర్కారు, మెస్సు పెట్టుకున్నోని సంతకాన్ని ఎందుకు నమ్మదు? అదే గడువు, అదే జరిమానా, గడువు దాటితే వచ్చినట్టేననే అదే హామీ కిరాణా కొట్టుకు, కటింగ్ షాపుకు, జిరాక్స్ సెంటర్‌కు ఎందుకు రాయలేదు? చేతకాక కాదు. చేసి చూపించిన్రు గదా. అవసరం లేదనుకున్నరు, అంతే.

ఇది కొత్త కథ కూడా కాదు. మన వంగర బిడ్డ పీవీ నరసింహారావు 1991 జూలై 24న, పరిశ్రమల శాఖ తన దగ్గరే ఉంచుకొని, 18 రకాలు తప్ప మిగిలిన పరిశ్రమలన్నిటికీ లైసెన్సు ఎత్తేసిండు. లైసెన్సు రాజ్యం పోయిందని దేశమంతా రాసుకున్నరు. పోయింది ఎవరికి? టాటాలకు, బిర్లాలకు, అంబానీలకు పోయింది. వరంగల్ చౌరస్తాలో గొడుగులు బాగుచేసేటోనికి ఆ దినం ఏం మారింది?

పెరూ దేశంలో హెర్నాండో డి సోటో అనే ఆర్థికవేత్త 1980లలో ఒక పని చేసిండు. రాజధాని లీమాలో చిన్న కుట్టుమిషన్ల దుకాణం పేరు మీద, చట్టప్రకారం అనుమతులన్నీ తెమ్మని తన మనుషులను పంపిండు. ఎన్ని రోజులు పట్టింది? 289 రోజులు. దారిలో పదిసార్లు లంచమడిగిన్రు. రెండుసార్లు ఇయ్యక తప్పలేదు. డి సోటో మార్కెట్ మనిషి, ఆయన రాజకీయాలతోటి మాకు పొత్తు లేదు. కానీ ఆ లెక్క మాత్రం చెయ్యదగ్గ లెక్క. వరంగల్‌లో ఎవడన్న చేసిండా? మన యూనివర్సిటీలో ఇంతమంది కామర్స్, ఎకనామిక్స్ విద్యార్థులున్నరు. తమ్ముళ్లారా, థీసిస్‌కు విషయం దొరకడంలేదని అంటరు గదా, ఇదే తీసుకోండి. ఒక కాగితాల సంచి పట్టుకొని తిరిగి రోజులు లెక్క పెట్టండి.

మనకున్నది ర్యాంకుల లెక్కనే. సులభతర వ్యాపారంలో 2015లో తెలంగాణ 13వ స్థానం, 2016లో ఆంధ్రప్రదేశ్‌తోటి సమానంగ మొదటి స్థానం. ఆ ఏడాది తమ జవాబులు కాపీ కొట్టిన్రని ఆంధ్ర సర్కారు ఫిర్యాదు కూడా చేసింది. పరీక్ష హాల్లో పక్కోని పేపరు చూసిన్రని పిల్లలు కొట్లాడుకున్నట్టు! అసలు ఆ పరీక్ష ఎవరికోసమో ఎవరూ అడగలేదు. ఇగ దేశాలకు ర్యాంకులిచ్చే ప్రపంచ బ్యాంకు నివేదికైతే మన దేశానికి సంబంధించి ఢిల్లీ, ముంబైలను మాత్రమే చూసేది. 142లో ఉన్న ఇండియా 63కు వచ్చిందని సంబురం చేసిన్రు. అంకెల్లో అవకతవకలు బయటపడి 2021 సెప్టెంబర్‌లో ప్రపంచ బ్యాంకే ఆ నివేదికను బంద్ పెట్టింది. హన్మకొండ మెస్సు ఆ లెక్కలో ఎన్నడూ లేదు.

అన్నిటికన్న కడుపు మండే సంగతి జీఎస్టీది. 2019 జనవరిలో జీఎస్టీ కౌన్సిల్ చిన్న వ్యాపారులకు ఊరట అన్నది. సరుకు మాత్రమే అమ్మేటోళ్లకు నమోదు పరిమితిని 20 లక్షల నుంచి 40 లక్షలకు పెంచుకోవచ్చు, 20 మీదనే ఉంటరో 40కి పోతరో రాష్ట్రాలే తేల్చుకోండని అడిగింది. ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆంధ్రప్రదేశ్ 40 తీసుకున్నది. మహారాష్ట్ర 40 తీసుకున్నది. మన తెలంగాణ? 20 మీదనే నిలబడ్డది! మనతోటి ఉన్నది ఎవరయ్యా అంటే ఈశాన్యంలోని కొన్ని చిన్న రాష్ట్రాలు, ఉత్తరాఖండ్, పుదుచ్చేరి.

ఒక్కసారి ఆలోచించండి. ఏడాదికి 20 లక్షలంటే రోజుకు అయిదున్నర వేల గల్లా. లాభం కాదు, గల్లా. సందులో నడిచే కిరాణా దుకాణం అది. జగ్గయ్యపేటలో అదే దుకాణానికి జీఎస్టీ నంబరు అక్కరలేదు, కోదాడలో కావాలె. కాంపోజిషన్ పథకం ఉన్నది గదా, ఒక్క శాతమే గదా అంటరు. ఆ ఒక్క శాతం కోసం మూడు నెలలకోసారి కాగితం, ఏడాదికోసారి ఇంకో కాగితం, మధ్యలో అకౌంటెంటు ఫీజు. ఇది ఢిల్లీ మన మీద రుద్దింది కాదు. వలస పాలకులు పెట్టింది కాదు. మన సర్కారు, మన సంతకం. ఈ ఒక్క విషయంలో తిట్టడానికి సరిహద్దు అవతల ఎవడూ లేడు.

ఉద్యోగ మిత్రులారా, మీకు కోపం రావొచ్చు. కౌంటర్‌లో కూసున్న గుమాస్తాను తిడుతున్నమనుకోకండి. ఖాళీలు నింపక ముగ్గురి పని ఒక్కరి నెత్తిన పెట్టినోళ్లు వేరే ఉన్నరని మాకూ ఎరుకే. కానీ ఒక్కటి యాది చేసుకుందాం. 2011 సెప్టెంబర్ 13 నుంచి 42 రోజులు సకల జనుల సమ్మె చేసినం. మీరు జీతాలు వదులుకున్నరు. బంద్ పిలుపిచ్చిన ప్రతిసారి షట్టర్ దించినోడు ఎవడు? ఆ చాయ్ హోటల్ వాడే, ఆ కిరాణా శేటే. షట్టర్ దించిన దినం వానికి జీతం లేదు, సెలవు లేదు, పాలోనికి బాకీ మాత్రం ఉన్నది. రాష్ట్రం వచ్చినంక మీకు తెలంగాణ ఇంక్రిమెంట్ వచ్చింది. రావాల్సిందే, కొట్లాడినోళ్లకు ఇచ్చిన్రు. వానికి ఏమొచ్చింది? రెన్యువల్ నోటీసు వచ్చింది.

లైసెన్సే వద్దంటున్నవా అని అడిగేటోళ్లుంటరు. వద్దనం. కుళ్లిన నూనెలో పూరీలు వేయించి మన పిల్లలకే పెట్టేటోన్ని పట్టుకోవాలె. బయటికి పోయే దారి లేని మేడ మీద కోచింగ్ సెంటర్ పెట్టినోన్ని పట్టుకోవాలె. కాగితం ఉంటే మంచిది పేదోనికే. బ్యాంకు ముందల నిలబడతడు, గద్దించేటోని ముందల నిలబడతడు. బండి మీద పండ్లు అమ్ముకునేటోని కోసం 2014లో కేంద్ర చట్టం వచ్చింది. సర్వే పూర్తి చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఏ వీధి వ్యాపారినీ జాగ నుంచి లేపొద్దని మూడో సెక్షన్‌లో నల్లటి అక్షరాలతోటి రాసి ఉన్నది. ఎంతమంది తోపుడుబండ్లోళ్లకు ఆ సంగతి తెలుసు? చట్టం ఇంగ్లిష్‌లో ఉన్నది, కట్టె తెలుగులో ఉన్నది.

మేం అడిగేది పెద్ద కోరిక కాదు. ఐపాస్‌లో పెద్దోనికి రాసిన నాలుగు మాటలే చిన్నోనికి రాయుండ్రి. ఒక్కటే దరఖాస్తు, తెలుగులో. అది చేరిన దినమే రశీదు, ఆ రశీదే లైసెన్సు. తనిఖీ తర్వాత చేసుకోండి, తప్పుంటే దండుగ వేయుండ్రి. గడువు దాటిస్తే ఆ వెయ్యి రూపాయల జరిమానా ఇక్కడ కూడా. కిరాయినామా ఇయ్యని ఓనరు ఉంటే కరెంటు బిల్లు, పక్కింటోళ్ల సాక్ష్యం ఒప్పుకోండి. జీఎస్టీ పరిమితిని 40 లక్షలు చేయమని కౌన్సిల్‌కు ఒక్క లెటర్ రాయుండ్రి.

మా మిత్రుని మెస్సుకు మొన్న పోయినం. పప్పుచారు బాగున్నది. గోడకు దేవుని పటం, తెలంగాణ తల్లి పటం ఉన్నయి. లైసెన్సు పెట్టుకునేందుకని తెచ్చిన ఫ్రేము ఇంకా ఖాళీగనే ఉన్నది. ఓనరు సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్లొకసారి అడిగిండట. చూద్దాం బిడ్డా అన్నడట.