పాత మోటారు – చేతి విద్య

విశాఖపట్నం అనగానే ఓడరేవు, ఉక్కు కర్మాగారం అని రెండు మాటలు చెప్పి ఊరుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ రెంటికీ నడుమ, పూర్ణా మార్కెట్ చుట్టూ అల్లుకున్న సందుగొందులలో, ఇనుముతో బ్రతికే మరొక చిన్న లోకం ఉన్నదని జ్ఞాపకం చేసేవారు తక్కువ. కూరగాయల బేరాలు, పూలబుట్టల పరిమళాలు దాటి నాలుగడుగులు వేస్తే బోల్టులు, నట్లు, పానాలు కనిపిస్తాయి. ఎక్కడో ఒక మూల రేకు మీద సుత్తి చప్పుడు వినిపిస్తుంది. ఆ చప్పుడు మరికొన్నాళ్లకు ఆగిపోతుందేమో అన్న శంకే మాచేత ఈ వ్యాసం వ్రాయిస్తున్నది.

మేము చర్చింపదలచిన విషయం పైకి చాలా చిన్నది: తుప్పు పట్టిన పాత బ్రిటిష్ కారును తిరిగి నడిచేటట్లు చేయడం, దానికి కావలసిన విడిభాగాలను సంపాదించడం. ఇది తీరికగల ధనవంతుల సరదా కదా, మన కళాశాల పత్రికలో దీనికి చోటెందుకని కొందరు పెద్దలు అనవచ్చు. వారిని కొంచెం ఓపిక పట్టవలసిందిగా ప్రార్థిస్తున్నాము.

బ్రిటిష్ కారు అనగానే దొరల బంగళా ముందు నిలిచిన వాహనమే మన కళ్లకు కడుతుంది. కాని మన తాతతండ్రులు ఎరిగిన కార్లలో చాలా భాగం ఇంగ్లండులో పుట్టి ఇక్కడ పెరిగినవే. హిందుస్తాన్ మోటార్స్ సంస్థ 1942లో గుజరాత్‌లోని ఓఖా రేవులో మొదలై, 1948లో కలకత్తా సమీపంలోని ఉత్తర్‌పారాకు తరలింది. మోరిస్ 10 అక్కడ హిందుస్తాన్ 10 అయింది. మోరిస్ మైనర్ బేబీ హిందుస్తాన్ అయింది. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ శ్రేణి ల్యాండ్‌మాస్టర్ పేరుతోను, మూడవ శ్రేణి అంబాసిడర్ పేరుతోను వెలువడ్డాయి. ఈ అంబాసిడరే కలెక్టరుగారి కారు, పెళ్లికొడుకు కారు, రైల్వేస్టేషను ముందు టాక్సీ కూడా అయి, 2014లో తయారీ నిలిచిపోయేదాకా అర్ధశతాబ్దికి పైగా మన రోడ్లను ఏలింది. అటు మద్రాసులో స్టాండర్డ్ సంస్థ 1961 నుంచి హెరాల్డ్ కారును తయారుచేసింది. ఇటలీకి చెందిన మికెలొట్టి రూపకల్పన చేసిన ట్రయంఫ్ హెరాల్డ్ అది. ఇంగ్లండులో రెండు తలుపులతోనే ఉండిపోయిన ఆ కారుకు నాలుగు తలుపులు పెట్టిన ఘనత మద్రాసువారిది.

ఇట్టి కార్లు నేడు పాత ఇళ్ల పెరళ్లలో, గోదాముల వెనుక, చింతచెట్ల క్రింద నిలిచిపోయి ఉన్నాయి. మన ఊరిలో వాటికి మొదటి శత్రువు సముద్రపు గాలి. గాలిలోని ఉప్పు రేకు మీది తేమలో కరిగి తుప్పు పట్టే వేగాన్ని పెంచుతుంది. తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక రంగు క్రింద నుంచి పొక్కులు లేస్తాయి. పైకి కనిపించే పొక్కు అణా అంత ఉంటే, లోపల తిన్నది అరచేయంత ఉంటుంది. ఆ పొక్కు మీద పుట్టీ మెత్తి, రంగు కొట్టి, “కొత్త కారులా ఉంది” అని అమ్మేవారు ఏ ఊరిలోనైనా ఉంటారు. ఒక్క వానాకాలం గడిస్తే ఆ రహస్యం బయటపడుతుంది. నిజమైన పనివాడు అలా చేయడు. తుప్పు తిన్నంతమేర కోసి పారవేసి, తెల్లని లోహం కనిపించేదాకా రుద్ది, కొత్త రేకును అదే వంపుకు కొట్టి అతుకుతాడు. అంబాసిడర్‌కు వేరే ఛాసిస్ లేదు. నేలరేకు, తలుపుల క్రింది పెట్టెభాగం, బాడీ కలిసి బరువు మోస్తాయి. కనుక అక్కడి తుప్పు అందానికి సంబంధించినది కాదు, ప్రాణానికి సంబంధించినది. హెరాల్డ్ సంగతి వేరు. దానికి విడిగా ఛాసిస్ ఉంది. బాడీ ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించబడి ఉంటుంది. నేర్చుకొనేవారికి దానిని మించిన పాఠ్యపుస్తకం లేదని మా అభిప్రాయం.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పక తప్పదు. మనది ఉక్కు నగరం. అయినా కారు బాడీకి కావలసిన పలుచని రేకు మన కర్మాగారంలో తయారు కాదు. ఇక్కడ తయారయ్యేవి కడ్డీలు, తీగచుట్టలు, కట్టడాలకు పనికివచ్చే దూలాల వంటివి. రేకు బొకారో, రూర్కెలా వంటి చోట్ల నుంచి రావలసిందే. కాబట్టి కారు పని విషయంలో మన ఊరికి ఏదైనా గొప్ప ఉన్నదంటే అది కొలిమిలో లేదు. రేకును వంచే చేతిలో ఉంది.

ఆ చేయి ఎవరిది? మన కళాశాలలో చదివే విద్యార్థులలో పలువురి తండ్రులు, మేనమామలు, పెదనాన్నలు టింకరింగు షెడ్లలోను, లేతు మిషన్ల దగ్గర, పెయింటింగు పనిలోను జీవితం గడిపినవారు. వారి షెడ్లలో వినిపించే భాష గమనింపదగినది. మరమ్మతు, పుర్జా, కారీగర్, ఉస్తాద్, షాగిర్ద్ అన్నవి ఉర్దూ నుంచి వచ్చాయి. గాస్కెట్టు, స్లీవు, రీబోరు ఇంగ్లీషు. రేకు, తుప్పు, అతుకు, బిగింపు మన తెలుగు. “ఉస్తాద్, ఈ పుర్జాకు గాస్కెట్టు పోయింది, ఒకసారి చూడండి” అని కుర్రవాడు అన్నప్పుడు మూడు భాషలు ఒక్క వాక్యంలో సఖ్యంగా ఇమిడిపోతాయి. ఉర్దూ తెలుగు భాషల సమన్వయం గురించి సభలలో ఉపన్యాసాలు ఇస్తున్నాం. ఆ సమన్వయం నూనె మరకల మధ్య ఎప్పుడో జరిగిపోయింది. అయినప్పటికీ దరఖాస్తులో “తండ్రి వృత్తి” అన్నచోట “మెకానిక్” అని వ్రాయడానికి సంకోచించి “వ్యాపారం” అని వ్రాసే విద్యార్థులు ఉన్నారు. ఇది మమ్మల్ని బాధించే విషయం.

విడిభాగాల వేట అంటే డబ్బు పెట్టి కొనడమేనని చాలామంది అనుకుంటారు. అందులో సగం జ్ఞానం, పావు వంతు ఓపిక, మిగిలిన పావు మాత్రమే డబ్బు. ఒక్క నట్టు సంగతి చూడండి. 1841లో విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజనీరు మరలకు ఒక ప్రమాణం ఏర్పరచాడు. ఆ మరకోణం 55 డిగ్రీలు. 1948లో బ్రిటన్, అమెరికా, కెనడాలు కలిసి 60 డిగ్రీల ఏకీకృత ప్రమాణానికి ఒప్పుకున్నాయి. తర్వాత మన దేశంలో మెట్రిక్ కొలతలు వచ్చాయి. పాత కారులో ఏ కాలపు మర ఉన్నదో తెలియక దొరికిన బోల్టును బలవంతంగా బిగిస్తే మర చెడిపోతుంది. విట్‌వర్త్ పానా మీద అర అంగుళం అని ఉంటే అది నట్టు తల వెడల్పు కాదు, బోల్టు లావు. ఇంతకన్న తమాషా మోరిస్ 10 ఇంజనుది. 1923లో కావెంట్రీలోని హాచ్‌కిస్ అనే ఫ్రెంచి కంపెనీ ఇంజన్ల కర్మాగారాన్ని మోరిస్ సంస్థ కొన్నది. అక్కడి యంత్రాలు మెట్రిక్ మరలు కోసేవి, ఇంగ్లండులోని పానాలేమో విట్‌వర్త్‌వి. ఫలితంగా మర ఫ్రెంచిది, తల ఇంగ్లీషుది అయిన బోల్టులు పుట్టాయి! వాటిని చేతితో తడిమి గుర్తుపట్టగల వృద్ధుడు ఒక్కడుంటే చాలు, నెల రోజుల వెతుకులాట తప్పుతుంది.

అట్టి జ్ఞానానికి మరొక ఉదాహరణ హెరాల్డ్ ముందు చక్రాల వద్ద ఉన్న ట్రనియన్ అనే ఇత్తడి భాగం. చక్రం తిరుగుడు భారమంతా దాని మీద ఉంటుంది. దానికి గేరు ఆయిలు పోయాలి. గ్రీజు కొట్టేవారు అనేకులు. గ్రీజు మరలోకి సరిగా దిగదు, నీరు చేరుతుంది, లోపల తుప్పు పుడుతుంది, ఒకనాడు మలుపులో చక్రం ఊడి పక్కకు పడుతుంది. ఈ సంగతి చెప్పగల మనిషి లేనప్పుడు విలాయతు నుంచి తెప్పించిన కొత్త భాగం కూడా నిష్ప్రయోజనమే.

అలాగని చేతిపని మీది అభిమానంతో మేము అన్నింటినీ ఇక్కడే చేసుకోవాలని వాదించడం లేదు. బుష్షులు లేతు మీద తీయించవచ్చు. సిలిండరుకు స్లీవు వేయించవచ్చు. మడ్‌గార్డు రేకును కొట్టించవచ్చు. తలుపు బీడింగు కొలత ఇచ్చి చేయించవచ్చు. బ్రేకు సిలిండర్లలోని రబ్బరులు, స్టీరింగు కీళ్లు మాత్రం అలా కాదు. అక్కడ “ఏదో ఒకటి సర్దుదాం” అన్న మాటకు చోటు ఉండరాదు. మంచి ఉస్తాద్‌లు ఈ గీతను స్పష్టంగా గీస్తారు. గీయనివాడి దగ్గర కారు వదలకపోవడం మేలు.

కాలం తెచ్చిన కొత్త చిక్కులు కూడా ఉన్నాయి. 2000లో దేశమంతటా సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసం మీద ఆధారపడిన పాత ఇంజన్లలో వాల్వు సీట్లు అరుగుతాయి గనుక గట్టి సీట్లు పొదిగించాలి. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తున్నది. పాత రబ్బరు గొట్టాలు, పెట్రోలు పంపులోని పొర దానికి తట్టుకోలేవు. పెరటిలో పదేళ్లు నిలిచిన కారును తెచ్చి నేరుగా పెట్రోలు పోసి సెల్ఫు కొట్టే ఉత్సాహవంతులు ఈ మాట గుర్తుంచుకుంటే అగ్నిప్రమాదం తప్పుతుంది.

ఇతర దేశాలవారు ఈ విషయంలో ఏమి చేశారు? ఇంగ్లండులో 1975లో బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ అనే సంస్థ ఏర్పడింది. 1980లో తయారీ ఆగిపోయిన ఎం.జి.బి. కారుకు అది 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త బాడీలు తయారుచేయసాగింది. అక్కడ పాత కారు బాగుచేయడం ఒక పరిశ్రమ. యువకులకు అది ఉపాధి. మనకు అంత సత్తా లేదని ఎవరనగలరు? రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటారుసైకిలు ఇంగ్లండులో అంతరించిపోగా, 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చిన బుల్లెట్టు 1977లో తిరిగి ఇంగ్లండుకే ఎగుమతి అయింది. మూలం అక్కడ ఎండిపోయినా కొమ్మ ఇక్కడ బ్రతికింది.

పాత కార్లు పొగ విడుస్తాయి, వాటిని తుక్కు చేయడమే మేలు అన్న వాదన ఒకటి ఉంది. దానిని మేము తేలికగా త్రోసివేయము. నిత్యం టాక్సీగా తిరిగే పాత వాహనం నగరానికి మంచిది కాదు. కాని 2021లో కేంద్ర ప్రభుత్వమే ఈ రెంటినీ వేరుచేసింది. అదే ఏడాది ఒకవైపు తుక్కు కేంద్రాలకు నియమాలు చేస్తూనే, మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు “వి.ఎ.” అక్షరాలతో ప్రత్యేక రిజిస్ట్రేషన్ ఏర్పాటు చేసింది. కొత్తగా చేయించడానికి 20,000 రూపాయలు, తిరిగి పొడిగించడానికి 5,000 రూపాయలు, గడువు పదేళ్లు. ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలి. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు మాత్రమే రోడ్డెక్కాలి. ఈ చివరి మాటను మా కమిటీ పెద్దలు గమనింపగోరుతున్నాము. సాంకేతిక పరిశోధన అంటే కళాశాలకు తలుపు తెరిచినట్లే.

మా సూచన ఇది. కళాశాల ఆవరణలో ఒక రేకుల షెడ్డు వేసి, దాతలెవరైనా ఇస్తే ఒక పాడుపడిన హెరాల్డో అంబాసిడరో తెచ్చి అందులో నిలపండి. వారానికి ఒక మధ్యాహ్నం ఊరిలోని వృద్ధ పనివారిని గౌరవ వేతనమిచ్చి పిలవండి. వారిని బెంచీ మీద కూర్చోబెట్టి శాలువా కప్పి పంపివేయడం మాకు సమ్మతం కాదు. వారి చేతికి పానా ఇవ్వండి, విద్యార్థి చేతికి నోటుపుస్తకం ఇవ్వండి. బి.కాం. చదివేవారు ఏ భాగం ఎక్కడ ఎంతకు దొరికిందో లెక్క వ్రాయవచ్చు. సైన్సు విద్యార్థులు తుప్పును, మరకోణాన్ని కొలవవచ్చు. ఉర్దూ, తెలుగు విద్యార్థులు ఉస్తాద్ చెప్పిన మాటను చెప్పినట్లు రెండు లిపులలోను ఎక్కించవచ్చు. ఏడాది చివర ఆ పుస్తకాన్ని ఈ పత్రికకు అనుబంధంగా అచ్చువేయవచ్చు. కారు నడవకపోయినా సరే, పుస్తకం మిగలాలి.

ఖర్చు మాట వస్తుంది. షెడ్డు, ఒక వెల్డింగు సెట్టు, ఒక వెర్నియర్ కొలబద్ద, రెండు వరుసల పానాలు – అంగుళాలవి ఒకటి, మెట్రిక్‌వి ఒకటి. విట్‌వర్త్ పానాలు కొత్తవి కొననక్కరలేదు; ఊరిలో పాత పెట్టెలు వెతికితే దొరుకుతాయి. వార్షికోత్సవ వేదిక అలంకరణను ఒక్క ఏడాది తగ్గించుకుంటే ఇందులో చాలా భాగం సమకూరుతుందని మా అంచనా. పని మొదలుపెట్టడానికి వానాకాలం వెళ్లిన తర్వాత కార్తీక మాసం అనుకూలం. గాలిలో తేమ తగ్గితే రుద్దిన రేకు రంగు పడేలోగా మళ్లీ తుప్పెక్కదు. కమిటీవారు వచ్చే సమావేశంలో ఈ విషయాన్ని చర్చకు తీసుకొంటే, పేర్లు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్న విద్యార్థుల జాబితా మేము అందజేయగలము.