చీపురు చెట్టు

టోక్యోకు ఈశాన్యాన సముద్రపు ఒడ్డున హితాచినాక అనే ఊరుంది. అక్కడి ఉద్యానవనంలో ఏటా అక్టోబరులో ఓ గుట్ట నిలువెల్లా ఎర్రబడుతుంది. ఆ ఎరుపు పూలది కాదు, ఆకులది. 30 వేలకు పైగా కోచియా మొక్కలు, ఎవరో కత్తెర పట్టి దిద్దినట్టు గుండ్రంగా, బంతుల్లా కూర్చుని ఉంటాయి. ఎండాకాలమంతా లేతపచ్చగా ఉండి, చలిగాలి తగలగానే రంగు మారుస్తాయి. కోచియా మన తోటకూరకు చుట్టం. ఎర్ర తోటకూర కడిగితే చేతికంటే రంగూ, బీట్‌రూట్ కోస్తే కారే రంగూ, ఆ గుట్ట మీది రంగూ ఒకే కోవవి.

ఆ నేల ఒకప్పుడు జపాన్ సైన్యపు విమాన స్థావరం. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా విమానాలు బాంబులు వేయడం సాధన చేసిన మైదానం. 1973లో తిరిగి జపాన్ చేతికొచ్చింది. 1991లో ఉద్యానవనమైంది. ఇప్పుడక్కడ జనం పిల్లల్ని ఎత్తుకుని ఫొటోలు దిగుతున్నారు.

ఆ ఎరుపు ఉండేది కొద్ది రోజులే. కోచియాది ఏడాది తిరగని బతుకు. నెల గడిచేసరికి గోధుమరంగుకు తిరిగి ఎండిపోతుంది. చూసేవాళ్ల పని అక్కడితో అయిపోతుంది కానీ మొక్క పని అయిపోదు. జపాన్ వాళ్లు దాన్ని ‘హోకిగి’ అంటారు. అంటే చీపురు చెట్టు. ఎండిన కొమ్మల్ని కట్టగట్టి వాకిళ్లు ఊడ్చుకోవడం అక్కడ పాత అలవాటు. అకితా ప్రాంతంలో దాని గింజల్ని ఉడకబెట్టి, పొట్టు తీసి, ‘తొంబురి’ అని ఇష్టంగా తింటారు.

పేరు పెట్టిన పెద్దలకు ఆ ఎరుపు కనబడలేదని కాదు. ఏటా వాళ్ల పెరట్లోనే ఎర్రబడి ఉంటుంది. అయినా నాలుగు రోజుల సింగారాన్ని బట్టి కాక, ఏడాది పొడవునా చేతిలో ఉండే దాన్ని బట్టి పిలుచుకున్నారు.

మన ఇళ్లలోనూ చీపురు లక్ష్మీదేవే. పొరపాటున కాలు తగిలితే బామ్మ ఊరుకునేది కాదు, వంగి కళ్లకద్దుకోమనేది. అరిగి అరిగి పిడికెడు పుల్లలు మిగిలిన చీపురుకైనా ఆ దండం తప్పేది కాదు.