బొమ్మల పరీక్ష: కామరూపి సింగము

తాండూరునుండి యొక సోదరీమణి మాకు జాబు వ్రాసినారు. వారి యెనిమిదేండ్ల కుమారుడు సింహముగా మారు రోబో కావలెనని నెలదినములుగా పోరుపెట్టుచున్నాడట. అదే యింట పదునెనిమిది నెలల పాపయు గలదట. కొనవచ్చునా, కొనరాదా యని వారి ప్రశ్న.

బొమ్మను చేతబట్టి చూడక యిట్టిదానికి సమాధానము చెప్పుట న్యాయము కాదు. కావున రెండు బొమ్మలు కొంటిమి. కార్తికమాసమున అనంతగిరి జాతరకై వికారాబాదు వెళ్లినప్పుడు త్రోవప్రక్క అంగడిలో నొకటి 150 రూపాయలకు దొరకెను. రెండవది తాండూరు బజారులో 900 రూపాయలకు తెచ్చితిమి. రెండును సింగములే. పరీక్షాధికారి మా అక్కగారి మనుమడు, వయస్సు తొమ్మిదేండ్లు.

కోరిన రూపము దాల్చువారిని మన పురాణములు కామరూపులనినవి. మారీచుడు బంగారులేడి యైన కథ విన్న బిడ్డలకు మరమనిషి మృగమగుట వింతగాదు. ఈ బొమ్మలకు మూలము జపానుదేశము. అచ్చటి తకారా సంస్థవారు డయాక్లోన్, మైక్రోమాన్ అను పేళ్లతో అమ్మిన బొమ్మలను అమెరికాలోని హాస్బ్రో సంస్థవారు తీసికొని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అను క్రొత్తపేర విడుదల చేసిరి. మొదట లారీలు, కార్లు మనుష్యులగుచుండెను. మరుసటి యేట రాక్షసబల్లులు వచ్చినవి. 1996లో బీస్ట్ వార్స్ అను వరుసలో గొరిల్లా, చిరుత, ఖడ్గమృగము మొదలగు జంతువులే ప్రధానమయ్యెను. నేడు సంతలలో కనబడునవి చాలవరకు వీని పోలికలే. మేము కొన్నవియు నట్టివే.

ఇక తాండూరులో కొన్నదాని సంగతి. వెనుకకాళ్లను నిడుపుగా లాగినచో మనిషి కాళ్లగును. ముందుకాళ్లు చేతులగును. సింగపుతల మడతపడి రొమ్మునకు వచ్చును. దాని వెనుకనుండి మనిషితల పైకి లేచును. తోక ఊడదీసి చేతికిచ్చినచో కత్తి. కాగితముమీద పదునాలుగు పటములు వేసినారుగాని ఆరవ పటమునకును ఏడవ పటమునకును గల భేదము మాకు కండ్లద్దములు పెట్టుకొన్నను దెలియలేదు. బాలుడు రెండుసార్లు తప్పి, మూడవసారి కాగితమును ప్రక్కనబెట్టి తానే చేసినాడు. ముప్పావుగంట పట్టెను. ఆ ముప్పావుగంటయు వాడు టెలిఫోను అడుగలేదు. మర్నాటికి రెండు నిమిషముల పని యయ్యెను.

మా యత్తగారు కూర్చుండి చూచి, "నరసింహస్వామికి సింగపుతల మెడమీదనే యుండెగదా, దీనికి రొమ్మున నున్నదేమి?" అనిరి. "కాదవ్వా, ఇది రోబో" అని వాడు నవ్వినాడు. ఆమె విమర్శలో సత్యము లేకపోలేదు. మనిషిరూపమున తలబరువుచే ముందునకు వ్రాలును. మృగరూపమున పంజాలక్రింద మరమనిషి పిడికిళ్లు దాగక కనబడును. అయినను కీళ్లు బిగువుగా నున్నవి. మా యింట నేలకు పరచినది తాండూరు నాపరాయి. అరుగుమీదినుండి దానిపై రెండుసార్లు పడినను బొమ్మ విరుగలేదు.

జాతరలో కొన్నది మొదటిపాటునకే ముందుకాలు వదలుకొనెను. విరుగుటకు ముందే కీలువద్ద తెల్లనిగీత పడియుండెను. అట్టి గీత కనబడినచోట బలముచేయరాదని పిల్లలకు చెప్పవలెను. కాలు విరుగుట గొప్ప నష్టము కాదు. మాకు భయము గలిగించినది వేరొకటి. దాని కండ్లు ఎఱ్ఱగా వెలుగుటకై వీపున మూడు బొత్తాముబిళ్ల బ్యాటరీలు గలవు. వాని మూతకు మరచీల లేదు! గోటితో మీటగానే మూత ఊడివచ్చి, బిళ్ల యొకటి దొర్లి మంచముక్రిందికి పోయెను.

తల్లులు దీనిని తేలికగా దలపరాదు. ఆ బిళ్ల బిడ్డ మ్రింగగా అన్ననాళమున చిక్కుకొన్నచో, దాని విద్యుత్తు తడిలో క్షారమును బుట్టించి రెండు గంటలలోనే కండను కాల్చివేయగలదు. శక్తి యుడిగినదని పారవేసిన బిళ్లయు నింతపని చేయగలదు. మ్రింగినట్లు అనుమానము గలిగినను వాంతి చేయింపక, తెల్లవారనిమ్మని యాగక, తక్షణమే ఆసుపత్రికి కొనిపోవలెను. వాహనము లేనిచో 108కి ఫోను చేయవలెను.

రెండవ బొమ్మకు బ్యాటరీయే లేదు. దాని పెట్టెమీద ఐ.ఎస్.ఐ. ముద్ర గలదు. కేంద్రప్రభుత్వము 2020లో చేసిన ఉత్తరువు ప్రకారము, 2021 జనవరి 1 నుండి పదునాలుగేండ్లలోపు పిల్లల బొమ్మలకు ఈ ముద్ర తప్పనిసరి. నమోదైన చేతిపనివారి బొమ్మలకు మినహాయింపు గలదు. జాతరలో కొన్నదానికి పెట్టెయే లేదు, ముద్ర యెక్కడిది?

కావున తాండూరు సోదరికి మా జవాబు: కొనవచ్చును. అయితే ముద్రగలదానినే, వెలుగులు లేనిదానినే కొనుడు. వెలుగులు కావలెనని బాలుడు పట్టుబట్టినచో బ్యాటరీమూతకు మరచీల యున్నదో లేదో అంగడిలోనే చూడుడు. మూడేండ్లలోపు బిడ్డకు గొంతున నడ్డుపడు వస్తువేదో తెలియుటకు 31.7 మిల్లీమీటర్ల వెడల్పుగల చిన్నగొట్టముతో పరీక్షించుట కలదు. అందు పూర్తిగా నిమిడినది ప్రమాదకరము. మంచి బొమ్మ తోకయు నందు నిముడును. అందుచే పాప నిద్రించువేళనే ఆట, పిమ్మట బొమ్మను తోకతోగూడ ఎత్తైన అలమారలో నుంచుట, ఈ రెండింటికి బాలుని ముందుగా ఒప్పించుడు.

జాతర బొమ్మలోని మూడు బిళ్లలను మేము లెక్కించి, వేరువేరుగా కాగితపుపట్టీ అంటించి, బ్యాటరీలు తీసికొను అంగడిలో నిచ్చివేసితిమి. మంచముక్రిందిదానిని వెదకుటకు మా యత్తగారు సైతము చీపురు పట్టవలసివచ్చెను. తాండూరు సింగము తోక మాత్రము మా యింటను మొన్నటినుండి కనబడుటలేదు; దొరకువరకు చిన్నబిడ్డలను ఆ గదిలోనికి రానిచ్చుట లేదు.