మనసొక్కటే చాలదు

పిల్లల కార్యక్రమాలకు మనసున్నవాళ్ళుంటే చాలు, వాలంటీర్ల శిక్షణకు డబ్బు తగలెయ్యడం ఎందుకని గత సంచికలో ఒక పాఠకుడు అడిగారు. మనసు కావాల్సిందే. అయితే జులైలో కువైట్‌లోని జహ్రా ఎండలో పిల్లల్ని ఆటకు దింపితే, వడదెబ్బ తొలి లక్షణాలేమిటో మనసు చెప్పదు. ఏడుస్తున్న పిల్లను సముదాయించడానికైనా సరే, తలుపు మూసిన గదిలోకి ఒంటరిగా తీసుకెళ్ళకూడదనీ చెప్పదు.

స్కౌటు ఉద్యమం 1907లో మొదలైంది. 1919కల్లా ఇంగ్లండులోని గిల్వెల్ పార్కులో దళ నాయకులకు శిక్షణ శిబిరం పెట్టేశారు. వాళ్ళకు సేవాభావం తక్కువై కాదు గదా! మన దేశంలో 1969 నుంచి నడుస్తున్న జాతీయ సేవా పథకం (ఎన్.ఎస్.ఎస్.)లోనూ కాలేజీ ప్రోగ్రాం ఆఫీసర్లకు శిక్షణ ఇస్తారు.

కువైట్‌లో మనకు ఈ శిక్షణ అవసరం ఇంకా ఎక్కువ. ఇక్కడి తెలుగువాళ్ళలో ఎక్కువమందికి శుక్రవారం ఒక్కటే తీరిక. కాంట్రాక్టు అయిపోయినా, అకామా (నివాస అనుమతి) రెన్యువల్ కాకపోయినా వాలంటీరు విమానమెక్కాల్సిందే. ఏ పిల్లకు వేరుశనగ పడదు, ఏ పిల్లాడికి ఆస్తమా ఉంది, ఎవరిని ఎవరు తీసుకెళ్ళడానికి వస్తారు అన్న వివరాలూ అతనితోనే వెళ్ళిపోతాయి. కొత్తగా వచ్చినవారు మళ్ళీ ఓనమాల నుంచి మొదలు పెట్టాలి. ఇద్దరేసి వాలంటీర్లను కలిపి తయారు చేసుకుంటే ఈ తిప్పలుండవు.

ఖర్చంటారా, వార్షికోత్సవం స్టేజీ పూలదండల లెక్క ముందు ఇదెంత? ప్రథమ చికిత్సకొక శుక్రవారం, పిల్లల భద్రతకొక శుక్రవారం, బాధ్యతలు అప్పగించేటప్పుడు రాసిపెట్టడానికొక పుస్తకం. ఈ ఏడాది బడ్జెట్‌లో మన తెలుగు సంఘాలు వీటినే ముందు రాసుకోవాలని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, జహ్రా, కువైట్