గోడమీది సాలీడు, మడిలోని సాలీడు

హైదరాబాదు మాదాపూరులో సైబర్ టవర్సు 1998లో ప్రారంభమైనది. అంతకుముందు అచట గుండ్లు, గుట్టలే. హైటెక్ సిటీ అనబడు ఆ మేడలలో ఒక కార్యాలయమునకు ఇటీవల పనిమీద పోతిని. కిటికీ అద్దముపై వడ్లగింజయంత సాలీడు ఒకటి పిల్లివలె పొంచి ఈగను గురిచూచుచున్నది. అచటి ఉద్యోగి పురుగుమందు డబ్బా తీసి కొట్టినాడు. సాలీడు చచ్చినది, ఈగ ఎగిరిపోయినది. ఆయనను తప్పుపట్టుటకు నాకు నోరు రాలేదు. మన మడులలో జరుగుచున్నది అదియే గదా!

దానిని దుముకు సాలీడు అందురు. ప్రపంచమున 6,000కు పైగా రకములు కలవు, ఉష్ణదేశములందే హెచ్చు. ఇది గూడల్లి కాచుకొనదు. ఎనిమిది కండ్లలో ముందరి రెండు పెద్దవి, మిక్కిలి చురుకైనవి. దేహములోని ద్రవమును వెనుక కాళ్లలోనికి ఒక్కుమ్మడి నెట్టి దుముకును. దుముకుటకు ముందు ఒక పోగు అంటించుకొనును. తాడిచెట్టెక్కు గీత కార్మికునకు మోకు ఎట్టిదో దీనికి ఆ పోగు అట్టిది.

పైరులో ఇది ఆకులపై తిరిగి పచ్చదోమలను, చిన్న రెక్కల పురుగులను పట్టి తినును. ఒక్కొక్కప్పుడు తేనెటీగనుకూడ పట్టును. గాన దీనిని అచ్చపు మిత్రుడని నేననను. వరిలో సుడిదోమ పని పట్టునది ముఖ్యముగా దీని దాయాది, దుబ్బు మొదట నీటిమీద పరుగిడు తోడేలు సాలీడు. సింథటిక్ పైరిత్రాయిడు మందులు కొట్టిన ఈ రెండును చచ్చును. ఆకు తొడిమలో దాగిన దోమ గ్రుడ్లు మాత్రము బ్రతుకును. కొలది దినములలో దోమ మునుపటికంటె హెచ్చగును. అప్పుడు రైతు మరల అప్పుచేసి మరొక మందు కొనును.

నేనును ఇన్నేండ్లు దోమలనే లెక్కించితిని: పిలక దశలో దుబ్బుకు 10-15, పైరు ఎదిగిన పిమ్మట 20-25 ఉన్న మందు చల్లుడని చెప్పితిని. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారి లెక్క వేరు. సాలీళ్లు లేనిచో పిలకకు 1 దోమ హద్దు. దుబ్బుకు ఒక సాలీడు ఉన్నచో 2 వరకు ఆగవచ్చును. ఒక్క సాలీడు హద్దును రెట్టింపు చేసినది! మన తనిఖీ పుస్తకములందును సాలీళ్లకొక గడి ఉండవలెనని నా అభిప్రాయము. మందుల అంగడిలో ఆ లెక్క ఎవరడుగుదురు?

హద్దు దాటిన పిమ్మట చేతులు కట్టుకొని కూర్చొనుడని నేను చెప్పుట లేదు. సుడిదోమ ఆగదు, మడి సుడులుగా ఎండును. కాని డబ్బా ఎత్తుటకు ముందు మడిలో ఐదారు చోట్ల దుబ్బులను వంచి చూడుడు. దోమలెన్నో, సాలీళ్లెన్నో కాగితముపై వ్రాసి, ఆ కాగితముతో మీ విస్తరణాధికారి యొద్దకు పొండు.