ఫీజు బకాయి రైతు అప్పు కాదా?

కాళేశ్వరం ఖర్చు లక్ష కోట్లు ఎట్లా దాటింది, 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పిల్లర్లు ఎందుకు కుంగాయి అని రోజూ వింటూనే ఉన్నాం. తేలాల్సిన లెక్కే. కానీ ఆ బ్యారేజీ ఉన్న మహదేవపూర్ మండలంలోనే పత్తి, మిర్చి రైతు ఇంట్లో ఇంకో అప్పు పెరుగుతోంది. దాన్ని ఏ కమిషనూ లెక్కపెట్టదు. అది పిల్లల ఫీజు అప్పు.

ఉమ్మడి రాష్ట్రంలో 2008లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటును నమ్మి పిల్లల్ని ఇంజనీరింగుకు, ఫార్మసీకి వరంగల్, హైదరాబాద్ పంపాం. పోయిన సర్కారు బకాయిలు పెట్టిపోయింది, ఉన్న సర్కారు తీర్చలేదు. 2025 నవంబరు 3న ప్రైవేటు కాలేజీలు తాళాలు వేస్తే మంత్రులు, యాజమాన్యాలు కూర్చొని మాట్లాడుకున్నారు. కొంత సొమ్ము ఇస్తామనగానే తాళాలు తీశారు. ఆ బల్ల దగ్గర రైతు లేడు.

సర్కారు ఇవ్వని సొమ్ము ఎవరు కడుతున్నారు? చదువు అయిపోయిన పిల్లవాడు సర్టిఫికెట్లు అడిగితే ముందు ఫీజు కట్టు, సర్కారు ఇచ్చాక వాపసు ఇస్తాం అనే కాలేజీలు ఎన్నో. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. వినేదెవరు? ఉద్యోగం చేజారుతుందన్న భయంతో తండ్రి అడ్తిదారు దగ్గరకు పోతాడు.

ర్యాంకు పదివేలు దాటిన బీసీ విద్యార్థికి ఇంజనీరింగులో సర్కారు ఇస్తానన్నది ఏడాదికి 35,000. అదే సొమ్ము నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 700, రెండేళ్లకు 16,800. 2025-26లో పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110. అంటే ఒక్క ఏడాది ఫీజు మీద వడ్డీకే రెండు క్వింటాళ్ల పత్తి పోయింది, అసలు అట్లాగే ఉంది. సీసీఐ తేమ పేరుతో కోసేది వేరే కథ.

2024లో రెండు లక్షల దాకా రుణమాఫీ అన్నారు. అది బ్యాంకు పంట రుణానికే. అడ్తిదారు చిట్టీలో ఉన్న ఫీజు అప్పుకు మాఫీ లేదు, ఎందుకంటే కాగితాల్లో అది అప్పే కాదు. కౌలు రైతుకైతే ఆ పంట రుణమూ లేదు.

బ్యాంకులో చదువు రుణం తీసుకోవచ్చు కదా అంటారు. నాలుగు లక్షల లోపు పూచీకత్తు అడగరాదన్నది రిజర్వు బ్యాంకు మాట. అడిగితే రాతపూర్వకంగా ఇమ్మనండి, ఆ కాగితం సంఘానికి తెండి. అయినా ఇస్తామని చట్టసభలో చెప్పిన సొమ్ముకు మనం అప్పు చేయడమేంటి?

కాలేజీల్లో దొంగ లెక్కలున్నాయని కూడా సర్కారు అంటోంది. ఉంటే పట్టుకోండి, కేసులు పెట్టండి. విచారణ పేరుతో పిల్లల సర్టిఫికెట్లు బీరువాల్లో ఉంచొద్దు.

బకాయి మొత్తం తేదీ చెప్పి కట్టాలి. ఇప్పటికే రైతులు కట్టిన ఫీజును వడ్డీతో వాళ్ల ఖాతాల్లో వేయాలి. సర్టిఫికెట్లు ఆపిన కాలేజీ గుర్తింపు రద్దు చేయాలి. కాటారం, మహదేవపూర్, పలిమెల సంఘ కార్యకర్తలు ఇంటింటికీ పోయి, ఎవరి పిల్లల సర్టిఫికెట్లు ఆగాయి, ఎంత వడ్డీకి ఎంత తెచ్చారు అన్నది రాసుకోవాలి. ఫీజు రసీదు జిరాక్సు తప్పక జతచేయాలి. ఆ జాబితాతోనే భూపాలపల్లి కలెక్టరేట్‌కు పోదాం.